రెండువారాలమ్మ

మనుషులు నోరు తెరవడంలో ఎన్ని రకాలున్నాయో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో మరొకరికి తెలియదు. పాఠాలు చెప్పి అలవాటైనవాళ్ళు బారెడు తెరిచి, చూస్తున్నంతసేపూ మధ్యమధ్య ఏదో చెప్పబోతారు. పాట నేర్చినవాళ్ళు నాలుకను అడుగుకు అణచి గొంతు దాకా చూపిస్తారు. చిన్నపిల్లలు కళ్ళు గట్టిగా మూసుకుని తెరుస్తారు, తమకు కనబడనిది ఎదుటివాళ్ళకూ కనబడదన్న ధీమాతో. లోపల ఏదో దాచుకున్నవాళ్ళు మాత్రం అడగకముందే నాలుక చాపుతారు. చాపిన నాలుక కింద ఏముందో కనబడదు కదా.

ఆసుపత్రిలో పంటి విభాగానికి వెళ్ళే ఎవరైనా ముందుగా ఆమె గదిలోనుంచే వెళ్ళాలి. కిటికీ వైపు తిప్పిన ఒక కుర్చీ, మెడ వంచిన దీపం, పళ్ళెంలో పొడుగు కాడల చిన్న అద్దాలు, మడిచిన గాజుగుడ్డ ముక్కలు, గోడకు ఆనించిన బీరువా నిండా అట్టలు. ఆ గదిలో ఉన్నవి ఇంతే. ఆమె పన్ను పీకదు, సిమెంటు నింపదు. చూస్తుంది, తడుముతుంది, చూసినది అట్టమీద రాస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని.

చూడడంలో ఆమెకొక వరస ఉండేది. ముందు పెదవులు, బయటా లోపలా, తరవాత రెండు బుగ్గలు, తరవాత చిగుళ్ళు, పైవి, కిందివి, ఆ తరవాత నాలుక వెన్ను, దాని రెండు పక్కలు, నాలుక ఎత్తించి దాని కింది నేల, ఆపైన అంగిలి, అన్నిటికీ చివర దవడ కింద, మెడ పక్కన, వేళ్ళతో తడిమి బిళ్ళ కట్టిందేమో చూడడం. వ్యాకరణం చదువుకున్నవాళ్ళకు ఈ దారి కొత్తగా తోచదు. కంఠంలో పుట్టే అక్షరాలు మొదట, ఆపైన తాలువులో పుట్టేవి, ఆపైన దంతాల దగ్గర పుట్టేవి, కట్టకడపట పెదవుల మీద పుట్టేవి అంటూ మన అక్షరమాల లోపలినుంచి బయటికి నడుస్తుంది; ఆమె బయటినుంచి లోపలికి నడిచేది. దారి ఒక్కటే. నొప్పి ఫలానా చోట అని రోగి వేలు పెట్టి చూపించినా ఆమె వరస తప్పేది కాదు. "అక్కడికీ వస్తానండి, దారిలోనే ఉంది" అనేది.

రెండువారాలమ్మ అనే పేరు ఆమెకు ఆసుపత్రివాళ్ళు పెట్టినది. కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ ఆమె ఒకే మాట చెప్పేది: "తెల్ల మచ్చ కానివ్వండి, ఎర్ర మచ్చ కానివ్వండి, చిన్న పుండు కానివ్వండి, రెండు వారాల్లో మానకపోతే మళ్ళీ నా దగ్గరికి రండి. నొప్పి లేదు కదా అని సంతోషించకండి. నొప్పి లేనిదాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను." ఈ మాట ఎంత పాతబడిందంటే, వాచ్‌మన్ గొడుగు పోయిన రోజున వార్డుబాయి "రెండు వారాలు చూడు, దొరక్కపోతే అమ్మగారికి చూపిద్దాం" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రెండు వారాల లెక్క పట్టుకునే, పుండు వేరు దిగకముందే ఎందరినో పై అంతస్తులోని ఆపరేషన్ డాక్టర్ల దగ్గరికి పంపి నిలబెట్టింది. ఆ లెక్క ఆమె తన జీవితంలో ఒక్కరి విషయంలోనే తప్పింది. ఆ ఒక్కరూ ఆమె అన్నగారు.

అన్నగారిని ఊరంతా మేస్త్రీ అనేవారు. ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, పళ్ళ సెట్లు చేసే మేస్త్రీ. ఆసుపత్రి వెనక వీధిలో, మెట్లకింద గదిలో ఆయన పనిశాల. అడుగుపెడితే మైనం కాగిన వాసన, దాని వెనక, సెట్ల చిగుళ్ళు పోసే గులాబిరంగు పొడిలో కలిపే మందునీళ్ళ ఘాటు. బల్లకు బిగించిన చిన్న మోటారు, ఒక స్పిరిటు దీపం, ఉలి కన్న సన్నని కత్తులు. గోడ పొడుగునా అరలమీద తెల్లని ప్లాస్టరు దవడలు, ఒక్కొక్కదాని అడుగున తేదీ. ఒక్కరి నోటి అచ్చు తీయడం, అందులో ప్లాస్టరు పోయడం, గట్టిపడ్డ దవడమీద మైనం పరచడం, మైనంలో పళ్ళు నిలబెట్టడం, ఇదంతా ఆయన చేతిలో నాలుగు రోజుల పని. "ఈ ఊళ్ళో సగం నవ్వులు నావే. మిగతా సగంమంది ఇంకా ఆలోచిస్తున్నారు" అనేవాడు.

తండ్రి పోయిననాటికి ఆయనకు పద్నాలుగు, ఆమెకు అయిదు. ఆయన పనిలో చేరి, చెడిపోయిన ప్లాస్టరు దవడలు ఇంటికి తెస్తే ఆమె వాటితోనే ఆడుకుంది. ఇది జ్ఞానదంతం, ఇది కోరపన్ను అని అక్షరాలకన్న ముందు అవే నేర్చుకుంది. ఆమెను చదివించినదీ, ఆసుపత్రిలో చేర్చినదీ ఆయనే. భర్త పోయిన తరవాత ఆమె ప్రతి మధ్యాహ్నం పనిశాలకే భోజనానికి వచ్చేది. వదిన క్యారేజీ పంపేది, లేదా తానే తెచ్చేది.

సగం ఊరికి పళ్ళు కట్టిన ఆ మనిషికి సొంత పన్ను ఒక్కటీ లేదు. రెండు చేతులూ పనిలో ఉంటే సిగరెట్టు పెదవి మూలన అంటించుకుని గంటలకొద్దీ పని చేసిన రోజుల్లో చిగుళ్ళు జారి, ముప్పై ఎనిమిదో ఏటికే పళ్ళన్నీ ఊడిపోయాయి. సిగరెట్టు మానేశాడు, మానేసి ఇరవై మూడేళ్ళయింది కనుక దాని పీడ తనను వదిలిందనే అనుకున్నాడు. సెట్టు తనకు తానే చేసుకున్నాడు. ఆ సెట్టు లేని ఆయన ముఖాన్ని ఆనాటినుంచి ఏ మనిషీ చూడలేదు.

"కట్టుకున్న నాకే తెలీదు అమ్మాయ్" అనేది వదిన. "కడుక్కోవాలంటే గడియ పెట్టుకుంటారు. ఒకసారి తలుపు తోశానని మూడు రోజులు మాట్లాడలేదు. మీ అన్నయ్య సిగ్గు సగం నాకిచ్చినా నేను మహాపతివ్రతనని పేరు తెచ్చుకునేదాన్ని."

"నీకు ఉన్నది చాల్లే" అనేవాడు మేస్త్రీ.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె గమనించింది.

"ఏంటన్నయ్యా, కుడివైపే నములుతున్నావు?"

"ఎడమవైపు సెలవు పెట్టింది."

"గుచ్చుకుంటోందా?"

"కింద సెట్టు, లోపలి అంచు. సాయంత్రం మోటారు మీద ఒక్క గీత గీస్తే సరి."

"చేయి కడుక్కొస్తాను, ఒకసారి చూడనీ."

"నా పనిలో వంక పెట్టడానికి ఇరవై ఆరేళ్ళ అనుభవం ఏం చాలుతుంది, చెల్లాయ్? ఇంకో పదేళ్ళు పోనీ."

"నవ్వు తరవాత. రెండు వారాలు చూస్తాను. తగ్గకపోతే వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి."

"కూర్చుంటాను. టోకెను కూడా తీసుకుంటాను."

పద్నాలుగో రోజున ఆమె మరిచిపోకుండా అడిగింది. మేస్త్రీ అన్నం కలుపుతూ, "నయమే. మొన్న ఇంకాస్త అరగదీశాను. సెట్టు మారాక పాత లెక్క ఎలా పనికొస్తుంది? మళ్ళీ ఒకటి నుంచి ఎంచు" అన్నాడు.

ఈ మాట పైకి సబబుగానే ఉంది. అదే వచ్చిన చిక్కు. సెట్టు ఒరుసుకుని పుండు పడినవాళ్ళకు ఆమె కూడా అలాగే చెప్పేది: అంచు సరిచేయించుకోండి, అక్కడినుంచి రెండు వారాలు లెక్కపెడతాను అని. అయితే ఆ మాట నోరు చూసిన తరవాత చెప్పేది. ఇక్కడ చూడకుండా ఒప్పుకుంది. ఎందుకొప్పుకుందో తరవాతి రోజుల్లో ఆమె తనను తాను లక్షసార్లు అడుక్కుంది. తనకు అక్షరాలు దిద్దించిన మనిషిని, తన పెళ్ళికి తండ్రి స్థానంలో నిలబడిన మనిషిని, పళ్ళు తీసి కూర్చో అనడానికి నాలుక రాలేదు. ఆ ఇబ్బందికి ఆయన ఒక మర్యాదైన దారి చూపించాడు. ఆమె ఆ దారిన తప్పుకుంది.

మళ్ళీ పద్నాలుగు రోజులు. మళ్ళీ ఒక గీత. మళ్ళీ ఒకటి నుంచి. నాలుగోసారి లెక్క మొదలయ్యేటప్పటికి ఎండలు పోయి వానలు పట్టుకున్నాయి. మేస్త్రీ అన్నం మానేసి జావ తాగుతున్నాడు. "వయసొచ్చింది, తేలిగ్గా ఉంటుందని" అన్నాడు. ఎడమ చెవిలో పోటని దూది పెట్టుకున్నాడు. "తడిగాలి" అన్నాడు. హాస్యాలు తగ్గాయి. వదిన ఒక రోజు వీధి మలుపు దాకా ఆమె వెంట వచ్చి, "అమ్మాయ్, నువ్వు ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చూస్తావు కదా" అని, ఆ వాక్యాన్ని పూర్తి చేయకుండానే వెనక్కి తిరిగిపోయింది. ఆ సగం వాక్యం ఆమెకు రెండు రోజులు చెవిలో గింగురుమంది. మూడో రోజు ఆమె ఇంకా గంటన్నర పొద్దుండగానే తన గదికి తాళం వేసి పనిశాలకు వెళ్ళింది.

మేస్త్రీ లేడు. ప్లాస్టరు బస్తా కోసం బజారుకు వెళ్ళాడని పక్క కొట్టు దర్జీ చెప్పాడు. ఆమె తాళం చెవి కిటికీ పైనుంచి తీసి లోపలికి వెళ్ళింది.

బల్లమీద తడిగుడ్డలో పాత కింద సెట్టు ఉంది. అంటే ఆయన నోట్లో ఉన్నది కొత్తది. కొత్తది చేసుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆమె పాతదాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇతరుల సెట్లమీద వెంట్రుకవాసి మించి మోటారు ఆడించని ఆ చేయి, ఈ సెట్టు ఎడమ లోపలి అంచును బొటనవేలి గోరంత మేర తొలిచేసింది. ఒక్కచోట గులాబిరంగు పలచబడి, అవతలి వెలుతురు కనబడుతోంది.

అప్పుడామె కొత్త సెట్టుకు పోసుకున్న దవడను వెతికింది. బల్లకిందనే దొరికింది. అడుగున నెల కిందటి తేదీ. ప్లాస్టరు దవడ అంటే చిగురు మీది ప్రతి గీతనూ, ప్రతి ముడతనూ ఎత్తి చూపుతుంది. వేలి కొసతో తడిమితే తడి లేని మాంసంలా ఉంటుంది. ఈ దవడ అంతటా అలాగే ఉంది, ఎడమ లోపలి పక్కన తప్ప. అక్కడ కత్తితో చెక్కి నున్నగా చేసిన జాడ. ముడత లేదు, గీత లేదు. తోమిన గిన్నె అడుగులా ఉంది.

ఆ చెక్కుడు ఏమిటో ఆమెకు చిన్ననాటినుంచి తెలుసు. నోటి అచ్చు తీసేటప్పుడు ముద్దలో గాలి బుడగ చిక్కితే అక్కడ చిన్న గుంట పడుతుంది. ప్లాస్టరు పోస్తే ఆ గుంట నిండి, దవడమీద లేని బొడిపె ఒకటి లేస్తుంది. పళ్ళ మేస్త్రీ అయినవాడు దాన్ని చూడగానే కత్తి తీసి చెక్కేస్తాడు. ఆలోచించడు, దర్జీ వేలాడే దారాన్ని తుంచినట్టు తుంచేస్తాడు. అన్నయ్యా అలాగే చేశాడు. తన నోటి అచ్చులో లేచినదాన్ని బుడగ అనుకుని చెక్కేసి, చెక్కిన దవడమీద సెట్టు కట్టుకుని, ఆ సెట్టును లోపలున్నదానిమీద నెల రోజులుగా నొక్కుతున్నాడు.

తెలియక చేశాడు. ఈ మాట ఆమెకు కొంత ఊరట ఇచ్చింది. ఆ ఊరటతోనే దవడను తిరిగి పెట్టబోయి, బల్లకింద మూలన కాగితంలో చుట్టిన మరొకదాన్ని చూసింది. విప్పింది. అదే నోరు, అదే నెల, నాలుగు రోజుల తరవాతి తేదీ. దీనిమీద కత్తి పడలేదు. ఎడమ లోపలి పక్కన, సెట్టులో తొలిచిన గుంటకు సరిగ్గా ఎదురుగా, గరుకు అంచులతో, నడుమ పగిలినట్టున్న ఒక గడ్డ తెల్లగా నిలబడి ఉంది.

ఆమె స్టూలుమీద కూర్చుంది. రెండు దవడలనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నంతలో, భుజాన బస్తాతో మేస్త్రీ వచ్చాడు. బల్లమీదికి చూశాడు. బస్తా నెమ్మదిగా దించాడు.

"ఆ రెండోది పారేద్దామనుకున్నాను" అన్నాడు.

"ఇదేమిటన్నయ్యా?"

"బుడగ."

"రెండుసార్లు ఒకేచోట వస్తుందా బుడగ?"

మేస్త్రీ మోటారు మీద గుడ్డ కప్పాడు, మళ్ళీ తీశాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటిసారి తెలీదు, నిజంగా తెలీదు. చెక్కేశాను. కొత్త సెట్టు పాతదానికన్నా ఎక్కువ నొక్కింది. అచ్చు సరిగా రాలేదేమోనని మళ్ళీ తీశాను. ప్లాస్టరు విడదీసి చూశాక తెలిసింది."

"నెల రోజులు."

"నీకు చూపిస్తే పై అంతస్తుకి పంపేస్తావు."

"పంపనా మరి? ఎవరినైనా ఆపానా నేను?"

"పంపుతావనే చూపించలేదు." మేస్త్రీ పై అరవైపు చేయి ఎత్తాడు. "ఆ చివరి ఆరు చూడు. పై అంతస్తునుంచి వచ్చినవే. ఒకాయనకి దవడ సగం తీసేశారు. ఇంకొకాయనకి నాలుక మూడోవంతు. వాళ్ళకి సెట్లు కట్టింది ఎవరనుకున్నావు? కుట్టిన నోట్లో వేలు పెట్టి కొలత తీసింది ఎవరు? నీకు పుండు తెలుసు చెల్లాయ్. ఆ తరవాతది నాకు తెలుసు. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. కన్నపిల్లలు ఏమన్నావు నాన్నా, ఏమన్నావు అని మూడుసార్లు అడుగుతారు. ఆ ఆరుగురిలో ఇద్దరు సెట్టు తీసుకోవడానికి మళ్ళీ రాలేదు."

"నలుగురు వచ్చారు కదా."

"నలుగురు వచ్చారు" అన్నాడు మేస్త్రీ, ఆ అంకె తనకు ఏ విధంగానూ పనికిరాదన్నట్టు.

బయట దర్జీ కుట్టుమిషను ఆగి మళ్ళీ మొదలయింది. ఆమె పర్సులోనుంచి చేతి తొడుగులు తీసింది. ఎప్పుడూ ఒక జత ఉంచుకునేది. వేసుకుంది. అద్దం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను లేవను" అంది. "వదిన క్యారేజీ తెచ్చినా లేవను, రేపు డ్యూటీకి వెళ్ళను. నువ్వు కూర్చునేదాకా ఇలాగే ఉంటాను. మూడుసార్లు ఒకటి నుంచి ఎంచమన్నావు, మూడుసార్లూ ఎంచాను. ముక్కూముఖం తెలియనివాడికి కూడా నేనా పని చేయలేదు. తప్పు నీదొక్కడిదే అని ఎలా అనను? నీ నోరు చూడడానికి సిగ్గుపడింది నేను."

మేస్త్రీ వెళ్ళి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. గోడవైపు తిరిగి, తొట్టిలో నీళ్ళు వదిలి, సెట్టు తీసి కడగసాగాడు. ఒక సెట్టు కడగడానికి అంతసేపు పట్టదు. ఆమె తొందరపెట్టలేదు.

ఆయన ఇటు తిరిగాడు.

ముఖం ముక్కుకింద కుంగిపోయి, గడ్డం పైకొచ్చి, పెదవులు లోపలికి మడుచుకుని ఉన్నాయి. ఆమె చూస్తానని భయపడిన ముఖం అది కాదు. అది వాళ్ళమ్మ ముఖం. చివరి ఏళ్ళలో మంచంమీద కూర్చుని, పళ్ళులేని నోటితో ఇద్దరినీ మార్చి మార్చి పిలిచిన అమ్మ ముఖం, చెక్కుచెదరకుండా, ఈ మెట్లకింద గదిలో తలవంచుకుని నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ళుగా అన్నయ్య ఈ ముఖాన్నా దాచిపెట్టింది?

ఆయన ఆమె ఎదురుగా మరో స్టూలుమీద కూర్చుని నోరు తెరిచాడు. నాలుక చాపలేదు.

ఆమె వరస తప్పలేదు. కళ్ళు ఎడమవైపుకే లాగుతున్నా తిన్నగా పెదవుల దగ్గర మొదలుపెట్టింది. బయట, లోపల. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ. పై చిగురు. ఒక్కొక్క చోటా ఏమీ లేదని చూసుకుంటూ, ఆ ఏమీ లేకపోవడాన్ని వీలైనంత పొడిగించుకుంటూ నడిచింది. ఎంత నెమ్మదిగా నడిచినా దారి ఆ చోటికే చేరింది. కింది చిగురు ఎడమ లోపలి పక్క, ప్లాస్టరులో తెల్లగా ఉన్నది ఇక్కడ ఎర్రగా, అంచున పాలిపోయి ఉంది. గాజుగుడ్డ తాకించగానే నెత్తురు అంటింది. వేలితో అంచు నొక్కింది. మెత్తగా ఉండవలసినది బొత్తాములా గట్టిగా ఉంది. నాలుక కింది నేలకు అది పాకిందో లేదో చూసింది, పాకడం మొదలయింది. అంగిలి చూసింది. చివరగా దవడ కింద వేళ్ళు ఉంచింది. అక్కడ ఒక బిళ్ళ, చింతగింజంత, వేలికింద కదలకుండా.

తెరిచిన నోటితోనే మేస్త్రీ ఆమె కళ్ళను చదవడానికి ప్రయత్నిస్తున్నాడు. ఎంతమంది అలా చదవబోయి ఉంటారు ఆమె కళ్ళను. ఆ ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ దొరకని అక్షరం ఆయనకు దొరికిపోయింది.

"నొప్పెడుతుందా?" అంది.

"పెట్టడం మానేసింది, వారమయింది" అన్నాడు మేస్త్రీ. పళ్ళు లేని ఆ నోట్లో తకారాలూ దకారాలూ ఆనుకోవడానికి గోడ లేక మెత్తగా జారిపోతున్నాయి. పెదవులమీద పుట్టే అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ అన్న మాటలో పళ్ళతో పని లేదు. ఎవరికైనా చిట్టచివరి దాకా మిగిలేది అదేనేమో.

ఆమె తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేసింది. "రేపు పొద్దున్న డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం" అంది. అందరికీ చెప్పే మాటే, అందరికీ చెప్పే గొంతుతోనే చెప్పింది. చెప్పి, మూసిన తలుపుకేసి తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

పై అంతస్తు డాక్టరు ఆమె తరవాత పదేళ్ళకు ఉద్యోగంలో చేరిన మనిషి, మాట పొదుపు. ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం తొమ్మిదో రోజున వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ రెండు వారాల మాట చెబుతూనే ఉంది. చెప్పినప్పుడల్లా నాలుక మీద ఉప్పు పడ్డట్టుండేది.

"ఎడమ దవడ ఎముక తీయాలి. మెడలో బిళ్ళలు కూడా. ఆ తరవాత కరెంటు పెట్టాలి, రేడియేషనన్నమాట" అన్నాడు డాక్టరు. కాగితం మడుస్తూ, "రెండు నెలల ముందయితే చిగురుతో పోయేదమ్మా" అన్నాడు. ఆ మాట నిందగా అనలేదు. నిందగా అంటే బాగుండునని ఆమెకు తోచింది.

"తీస్తే నయమవుతుందా?" అని అడిగింది వదిన.

"తీయకపోతే కాదని చెప్పగలనండి. తీస్తే అవుతుందని ఇవాళ చెప్పలేను."

వదిన ఆమె వంక చూసింది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చూస్తావు కదా అన్న ఆనాటి సగం వాక్యంలోని మిగతా సగం ఆ చూపులో ఉంది. ఆమె తల దించుకోలేదు. "నేను ముందే చూడాల్సింది వదినా" అంది. వదిన క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఆమె చేయి మాత్రం పట్టుకుని మెట్లు దిగింది.

మేస్త్రీ వద్దన్నాడు. నాలుగు రోజులు వద్దన్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పకుండా, పై అరమీది ఆ ఆరు దవడలనూ దించి బల్లమీద వరసగా పెట్టింది.

"ఇందులో తిరిగి వచ్చిన నలుగురెవరో చెప్పు."

మేస్త్రీ ఒక్కొక్కటే వేలితో తాకాడు. "ఈయన బస్సు డ్రైవరు. ఈవిడ కూరగాయలమ్ముతుంది, సెట్టు బాగా లేదని ఇప్పటికీ తిడుతుంది. వీళ్ళిద్దరూ అన్నదమ్ములు."

"తిడుతుందా?"

"అర్థం కాదు గానీ తిట్టని తెలుస్తుంది" అన్నాడు మేస్త్రీ. నెల రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి హాస్యం అది. ఆ ఆరింటినీ తిరిగి అరమీద పెట్టి, "సరే" అన్నాడు.

ఆసుపత్రిలో చేరవలసిన రోజు ఉదయం ఆయన పనిశాలకే రమ్మన్నాడు. ఆమె వెళ్ళేసరికి వీధి తలుపు తెరిచే ఉంది, ఆయన సెట్టు లేకుండా కూర్చుని ఉన్నాడు. దర్జీ గుమ్మం దాకా వచ్చి, ఆయన ముఖం చూసి వెళ్ళాడు.

"అచ్చు తియ్యి" అన్నాడు మేస్త్రీ. "నా చేత్తో నాకు తీసుకుంటే ఏమయిందో చూశావుగా. రేపు నాకు సెట్టు కట్టేవాడెవడో, వాడికి ముందు ఈ నోరు ఎలా ఉండేదో తెలియాలి. ఎముక ఎంత పోయిందో వాడు కొలుచుకోవాలి కదా."

"కట్టడానికి నువ్వే వస్తావు."

"నేనొస్తే నాకు తెలియాలి."

ఆమె ముద్ద కలిపింది. ఆయన కలిపే తీరు చిన్నప్పుడు చూసినదే, చేయి మరిచిపోలేదు. నోట్లో ఉంచి, దవడ కింద అరచేయి ఆనించి, ముద్ద గట్టిపడేదాకా ఇద్దరూ కదలకుండా ఉన్నారు. ఆయన ఊపిరి ఆమె మణికట్టుమీద వేడిగా తగులుతోంది. తీశాక ఆయనే లేచి ప్లాస్టరు పోసి, గాలి బుడగ చిక్కకుండా బల్లను అరచేత్తో పదేపదే తట్టాడు. ముప్పావు గంట ఆరనిచ్చి విడదీశాడు.

దవడ తెల్లగా వచ్చింది. ఎడమ పక్కన గడ్డ, కాగితంలో చుట్టి ఉంచినదానిమీది గడ్డకన్న పెద్దది, పగులుతో సహా. ఎక్కడా ఒక్క బుడగ లేదు.

కత్తి బల్లమీద ఎప్పటి చోటనే ఉంది. మేస్త్రీ చేయి అలవాటుగా దానివైపు వెళ్ళి, పిడిని తాకి, ఆగింది. దాన్ని ఆమె వైపుకు నెట్టేశాడు. ఆమె కత్తిని సొరుగులో వేసి మూసింది.

ఆయన పెన్సిలుతో దవడ అడుగున ఆనాటి తేదీ వేశాడు. మిగిలిన ఆరింటి పక్కన, పై అర చివర, అందరికీ కనబడేలా దాన్ని నిలబెట్టాడు.

"ఒకటి నుంచి ఎంచు" అన్నాడు.

ఆమె ఆయన సంచీ అందుకుంది. వదిన అప్పటికే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. తలుపుకు తాళం వేసి, తాళం చెవి కిటికీ పైన పెట్టబోయి, ఏమనుకుందో, తన పర్సులో వేసుకుంది.